మంచు కింది పచ్చిక

పుదుచ్చేరి బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా నిలబడితే మీ కుడిచేతి వైపు దక్షిణం. ఆ దిక్కున 80 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట ఊహలో ప్రయాణించండి. శ్రీలంక దాటాక సుమారు 8,000 కిలోమీటర్ల వరకు నేల తగలదు. తగిలేది అంటార్కిటికాయే. 2012లో మొదలైన మన భారతి పరిశోధన కేంద్రం ఆ రేఖకు కొంచెం పడమరగా ఉంది.

ఆ సముద్రంలో ఏ జీవి దేన్ని తిని బతుకుతుందో మనిషి చాలావరకు వేటాడుతూనే తెలుసుకున్నాడు. 1775లో కెప్టెన్ కుక్ సౌత్ జార్జియా దీవిని చూసి, అక్కడ సీల్ జంతువులున్నాయని రాశాడు. 50 ఏళ్లు తిరిగేసరికి అక్కడి బొచ్చు సీళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1904లో అదే దీవిలో తిమింగలాల వేట కేంద్రం వెలిసింది. 1925లో డిస్కవరీ నౌక పరిశోధనలు మొదలయ్యాయి. వాటికి డబ్బు ఎక్కడిదనుకున్నారు? తిమింగల నూనె మీద వేసిన పన్నుదే! వేటలో దొరికిన తిమింగలాల కడుపులు కోసి చూస్తే నిండా క్రిల్. చిన్న రొయ్యను పోలిన, వేలెడంత జీవి అది. సీళ్లకూ పెంగ్విన్లకూ కూడా అదే ముఖ్యాహారం. 1995-96లో మన సాగర్ సంపద నౌక కూడా దాన్ని వెతుక్కుంటూ దక్షిణ మహాసముద్రానికి వెళ్లింది.

మరి క్రిల్‌కు మేత ఏది? వేసవిలో నీటిలో తేలే సూక్ష్మ శైవలాలు. చలికాలపు చీకట్లో అవి కరువవుతాయి. పెద్ద క్రిల్ నెలల తరబడి పస్తుండగలదు, పిల్లలకు ఆ శక్తి లేదు. సముద్రపు మంచు అడుగున పట్టిన శైవలాల పొరను గీరి తింటూ అవి చలికాలం గడుపుతాయి. పచ్చిక అన్నాను గాని, నిజానికి దాని రంగు గోధుమ.

ఆ మంచే ఇప్పుడు తగ్గుతోంది. 2014 చలికాలంలో అది 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. 2016 నుంచి తీరు మారింది. 2023 సెప్టెంబరులో 1 కోటి 70 లక్షలకు కూడా చేరలేదు. ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టాక అంత తక్కువ చలికాలపు మంచు అదే మొదటిసారి. 2022 చివర్లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రతీరాన మంచు ముందే విరిగి, 5 ఎంపరర్ పెంగ్విన్ స్థావరాల్లో నాలుగింటిలో పిల్లలు ఈకలు రాకముందే మునిగిపోయాయి.

వేటనైతే ఆపవచ్చు. 1986లో వాణిజ్యపరమైన తిమింగలాల వేటపై నిషేధం అమల్లోకి వచ్చాక కొన్ని జాతులు కోలుకున్నాయి. క్రిల్ వేటకూ అంతర్జాతీయ ఒప్పందం ఉంది, అందులో భారత్‌కూ సభ్యత్వం ఉంది. 2025లో అట్లాంటిక్ వైపు అనుమతించిన 6 లక్షల 20 వేల టన్నులూ గడువుకు ముందే పట్టేయడంతో, ఆగస్టులోనే అక్కడ వలలు ఎత్తేయవలసి వచ్చింది. మంచు కరగడం మాత్రం ఆ ఒప్పందం పరిధిలో లేదు.