నేల కింద యుద్ధం చేసిన ఇంజనీరు: కెప్టెన్ ఆలివర్ వుడ్‌వర్డ్

మొదటి ప్రపంచ యుద్ధం అనగానే కందకాలు, ఫిరంగులే గుర్తొస్తాయి. కానీ ఆ కందకాల కింద, మట్టి లోపల ఇంకో యుద్ధం నడిచింది. అందులో పేరు తెచ్చుకున్నవాడు ఆస్ట్రేలియాకు చెందిన గనుల ఇంజనీరు ఆలివర్ వుడ్‌వర్డ్.

1885లో న్యూ సౌత్ వేల్స్‌లోని టెంటర్‌ఫీల్డ్‌లో పుట్టాడు. గనుల్లో పనిచేస్తూ 1915లో సైన్యంలో చేరాడు. 1916 జూన్‌లో ఫ్రాన్స్‌లోని అర్మెంటియర్స్ దగ్గర, శత్రువు కందకాల పక్కనే ఉన్న ఒక ఇంటిని పేల్చేసినందుకు మొదటి మిలిటరీ క్రాస్ పతకం వచ్చింది.

హిల్ 60లో ఏం జరిగింది?

బెల్జియంలోని ఈ గుట్ట జర్మన్ల చేతిలో ఉండేది. దాని కింద సొరంగాలు తవ్వి రెండు చోట్ల పేలుడు మందు నింపారు. ఒకదాంట్లో సుమారు 24 టన్నులు, ఇంకోదాంట్లో సుమారు 32 టన్నులు. మందు నింపింది కెనడా సైనికులు. 1916 నవంబరు నుంచి దాన్ని కాపాడే బాధ్యత వుడ్‌వర్డ్ ఉన్న 1వ ఆస్ట్రేలియన్ టన్నెలింగ్ కంపెనీకి వచ్చింది.

కాపాడటం అంటే మాటలు కాదు. జర్మన్లు కూడా ఎదురు సొరంగాలు తవ్వుతున్నారు. చప్పుడైతే దొరికిపోతారు, దొరికితే సజీవ సమాధే. అందుకే జియోఫోన్ అనే పరికరం చెవికి పెట్టుకుని అవతలి పలుగు చప్పుడు వినేవారు. ఊరే నీళ్లను తోడిపోస్తూ, విషవాయువును కనిపెట్టడానికి ఎలుకల్ని, కెనరీ పిట్టల్ని పెట్టుకుని దాదాపు ఏడు నెలలు గడిపారు.

1917 జూన్ 7, తెల్లవారుజామున 3:10కి వుడ్‌వర్డ్ స్విచ్ నొక్కాడు. మెస్సీన్స్ కొండ పొడవునా ఆ వేళ మొత్తం 19 మందుపాతరలు పేలాయి. ఎందరో జర్మన్ సైనికులు మట్టిలో కలిసిపోయారు.

చివరి వారం

1918లో మరో రెండుసార్లు అదే పతకం దక్కింది. రెండోది సెప్టెంబరులో బోనీ దగ్గర చేసిన పనికి. మూడోది నవంబరు 4న సాంబ్ర్-వాజ్ కాలువపై కాల్పుల మధ్య వంతెన కట్టినందుకు. ఆ రోజు అతని కంపెనీలో ముగ్గురు చనిపోయారు. ఇంకో ఏడు రోజులు గడిస్తే యుద్ధమే ఆగిపోయేది.

ఆ తర్వాత వుడ్‌వర్డ్ మళ్లీ గనుల పనిలోకే వెళ్లి, 1966లో కన్నుమూశాడు. అతని కథతో 2010లో ఒక సినిమా కూడా వచ్చింది. హిల్ 60ని స్మారక స్థలంగా ఉంచారు. రెండు పక్షాల సైనికులూ ఇంకా ఆ మట్టి కిందే ఉన్నారు.