గడ్డీ మట్టీ మొదలు గాజునార దాకా



గుమ్మి కట్టడం మీలో చాలామంది చూసే వుంటారు. వెదురు దబ్బలు బుట్టలాగా అల్లి, దానికి మట్టీ పేడా కలిపి మెత్తుతారు. వట్టి అల్లికలో వడ్లు పోస్తే సందుల్లోంచి రాలిపోతాయి. వట్టి మట్టితో అంత పలచని గోడ లేపితే గింజల బరువుకు పగిలిపోతుంది. రెండూ కలిస్తే మాత్రం గింజ భద్రంగా వుంటుంది. కారణమేమిటి? మట్టి నొక్కుడుకు ఓర్చుకుంటుంది గాని లాగుడుకు ఓర్చుకోదు. వెదురూ, గడ్డీ, నారా లాగుడుకు ఓర్చుకుంటాయి. ఒకదాని లోటును రెండోది పూరిస్తుంది. గోడమట్టిలో వరిగడ్డి ముక్కలు వేసి తొక్కడం కూడా ఇందుకే. మట్టి ఆరేటప్పుడు బీటలు వారకుండా గడ్డి పట్టి వుంచుతుంది.

ఈ కిటుకునే నేటి ఇంజనీర్లు కాంపోజిట్ అంటున్నారు. మనం నార కలిపిన పదార్థం అనుకుందాం. అందులో రెండే భాగాలు: బలమిచ్చే నార ఒకటి, ఆ నారను కదలకుండా పట్టి వుంచే బంక లేక ముద్ద రెండవది.

మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతంలో నేల కింద సున్నపురాయి వుంది. అందువల్లనే అక్కడ సిమెంటు కార్ఖానాలు వెలిశాయి. సిమెంటు కూడా మట్టి వంటిదే: నొక్కుడుకు గట్టిది, లాగుడుకు పెళుసు. అందుకే స్లాబులో ఇనుప చువ్వలు వేస్తాం. కాని పలచని రేకులో చువ్వ ఎక్కడ ఇముడుతుంది? ఆస్ట్రియా దేశస్థుడు లుడ్విగ్ హాట్షెక్ 1900 ప్రాంతంలో దీనికొక దారి కనిపెట్టాడు. సిమెంటు నీళ్లలో ఆస్‌బెస్టాస్ అనే రాతినార కలిపి, పొర మీద పొరగా రేకు తీశాడు. మన హైదరాబాదులో ఇటువంటి రేకుల తయారీకి 1946లో ఒక కంపెనీ ఏర్పడింది. చార్మినార్ రేకులంటే ఎరుగని పల్లె లేదు. కడప జిల్లా పులివెందుల దగ్గర ఈ రాతినార గనులు కూడా వుండేవి. తాటాకు కప్పు ప్రతి రెండు మూడేళ్లకూ మార్చవలసిన రైతుకు, నిప్పంటుకోని, చెదపట్టని సిమెంటు రేకు గొప్ప వరంగా తోచింది.

అయితే ఆ వరంలో ఒక విషం కూడా దాగి వుంది. రాతినార దుమ్ము కంటికి కనిపించనంత సన్నపు పోగులుగా విడిపోతుంది. ఊపిరితో లోపలికి పోతే తిరిగి బయటికి రాదు. ఊపిరితిత్తులు గట్టిపడడం, క్యాన్సరు రావడం దానివల్ల జరుగుతాయి. అదీ వెంటనే కాదు, ఇరవై నలభై యేండ్లు గడిచాక. 1995 జనవరి 27న మన సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ పనివారి ఆరోగ్య రక్షణ గురించి తీర్పు ఇచ్చింది. ఐరోపా సంఘం 2005లో దాని వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో తెల్లరకం ఆస్‌బెస్టాస్‌తో చేసిన రేకులు నేటికీ కొట్టాల మీదా, పత్తి దాచే షెడ్ల మీదా వున్నాయి.

అలాగని భయపడి రేపే పీకి పారేయనక్కరలేదు. పగలని రేకు పై కప్పుమీద వున్నంతకాలం పోగులు సిమెంటులోనే బిగిసి వుంటాయి. కోసినప్పుడూ, తొలిచినప్పుడూ, పగలగొట్టినప్పుడూ ప్రమాదం. పాత రేకు దించవలసివస్తే ముందు నీళ్లతో బాగా తడపండి. మరలు విప్పి నిండు రేకుగానే దించండి. ఎండు చీపురుతో ఊడ్వకండి. ముక్కలను నలగ్గొట్టి దారి గుంతల్లో పోయకండి. పశువుల దగ్గరా, పిల్లలు ఆడేచోటా పడవేయకండి. ఆ పనిలో వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి. ఈ నాలుగు మాటలు విస్తరణ మిత్రులు ఊరూరా చెప్పాలని మనవి.

కొత్తగా కొనేవారు ఆస్‌బెస్టాస్ లేని రేకు కావాలని అడిగి కొనండి. వాటిలో కలప గుజ్జు నారా, కృత్రిమ దారపు నారా కలుపుతారు. మన మఠంపల్లిలోనే, నాగార్జున సిమెంటు చేసే ఎన్.సి.ఎల్. సంస్థ, బైసన్ పేనెల్ అనే పలకలు కూడా చేస్తున్నది. కలపను సన్నగా చీల్చి, సిమెంటుతో కలిపి, గట్టిగా అదిమి ఈ పలకలు చేస్తారు. ఈ విధానం జర్మనీనుంచి వచ్చింది. కలపలోని చక్కెర వంటి పదార్థాలు సిమెంటును గట్టిపడనివ్వవు గనుక కొన్ని రసాయనాలు చేర్చి ఆ అడ్డు తొలగిస్తారు. గడ్డీ మట్టీ కలిపిన మన తాతల గోడకు ఇది దగ్గరి చుట్టమే గదా!

ఇక గాజునార సంగతి. గాజును కరిగించి వెంట్రుకకంటె సన్నగా తీసే పద్ధతి 1930లలో అమెరికాలో బాగుపడింది. ఆ నారను రెసిన్ అనే బంకతో తడిపి అచ్చులో పరిస్తే ఫైబరు రేకు, నీళ్ల తొట్టి, పడవ తయారవుతాయి. కృష్ణలో వెదురు బుట్టకు తోలు కప్పి నడిపిన పుట్టి స్థానంలో కొన్నిచోట్ల ఫైబరు పుట్టి వచ్చింది. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండల మీది గాలిమరల రెక్కలూ ఈ జాతివే. తుప్పు పట్టదు, బరువు తక్కువ. కాని ఎండకు పైబంక అరిగి నార తేలుతుంది. తేలగానే గుడ్డతో ముక్కూ నోరూ కప్పుకొని శుభ్రం చేసి, మళ్లీ బంకపూత పూయించాలి. పాడైన ముక్కలను తగలబెట్టరాదు, పొగ హానికరం.

ఇంతకంటె గట్టిది బొగ్గునార. 1989 మే 22న ప్రయోగించిన అగ్ని క్షిపణి ముక్కు కాలిపోకుండా కాపాడింది అదే. హైదరాబాదులో ఆ పని నడిపిన అబ్దుల్ కలాం దగ్గరకు నిమ్స్ ఆస్పత్రి ఎముకల వైద్యుడొకరు వచ్చి, ప్రయోగశాలలోని తేలిక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారట. పోలియో పిల్లలు మూడు కిలోలకు మించిన ఇనుప ఊతలు కాళ్లకు కట్టుకొని ఈడ్చుకుంటూ నడిచేవారు. నార కలిపిన పదార్థంతో వాటినే 300 గ్రాముల బరువులో చేసి ఇచ్చారు. ఆ పిల్లలు పరుగెత్తడం చూసి తల్లిదండ్రులు కన్నీరు పెట్టుకున్నారని కలాం తరువాత చెప్పుకున్నారు.

గోగునారా, జనుమునారా వంటివి కార్ల తలుపుల లోపలి పలకల్లో వాడుతున్నారు. అయితే కొనే కార్ఖానా ఎవరో, ధర ఏమిటో తెలుసుకోకుండా ఆ ఆశతో పంట మార్చకండి. ముందు మీ కొట్టం మీది రేకు ఏ రకమో ఇవాళే చూసుకోండి.