పుదుచ్చేరి విలీనానికి అల్జీరియా ముడి

పుదుచ్చేరిలో నవంబరు 1 విమోచన దినం. ఆగస్టు 16 చట్టబద్ధ విలీన దినం. ఒక్క విలీనానికి రెండు పండుగలేమిటని కొత్తగా వచ్చినవారు అడుగుతుంటారు. ఆ రెండు తేదీల నడుమ దాదాపు ఎనిమిదేళ్ల నిరీక్షణ ఉంది. దానికి కారణం ఢిల్లీలో కన్నా అల్జీరియాలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

1954 జూన్ 13న దడాల రాఫెల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలనను వదిలించుకుంది. అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేయగా, 170 మంది భారత్‌లో విలీనాన్నే కోరారు. సామాన్య ఓటరును మాత్రం ఎవరూ అడగలేదు. నవంబరు 1న పాలన చేతులు మారింది. సరిగ్గా ఆ రోజే అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది.

1956 మే 28న విలీన ఒప్పందంపై భారత్, ఫ్రాన్స్ సంతకాలు చేశాయి. ఇక మిగిలింది ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం. అది ఆరేళ్లు కదలలేదు. ఫ్రాన్స్ దృష్టిలో అల్జీరియా వలస కాదు, స్వదేశంలో భాగం. దాని కోసం లక్షల సైన్యాన్ని దింపి పోరాడుతున్న వేళ మరోచోట భూభాగాన్ని చట్టబద్ధంగా వదులుకోవడానికి ఏ ప్రభుత్వం సాహసిస్తుంది? నెహ్రూ కూడా తొందరపెట్టలేదు. 1961 డిసెంబరులో గోవాకు సైన్యాన్ని పంపిన నెహ్రూయే ఇక్కడ ఓపిక పట్టారు. పాలన చేతిలో ఉంది కనుక ఆ ఓపిక ఆయనకు సులువే.

1962 మార్చి 18న ఎవియాన్ ఒప్పందాలతో అల్జీరియా యుద్ధానికి తెరపడింది. జులై 3న ఆ దేశం స్వతంత్రమైంది. అదే నెలలో పుదుచ్చేరి ఒప్పందం ఫ్రెంచి పార్లమెంటు గడప దాటింది. ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. పుదుచ్చేరి జాతకం ఇంకెవరి యుద్ధంతోనో ముడిపడడం కొత్తేమీ కాదు: అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో, 1778లో, బ్రిటిషువారు పట్టుకున్న ఈ పట్టణాన్ని తిరిగి ఫ్రెంచివారికి ఇప్పించింది 1783 నాటి వెర్సాయ్ సంధి.

కీళూరులో అడగని ప్రశ్న 1962లో మరో రూపంలో ఇంటింటికీ వచ్చింది. ఇక్కడే పుట్టి ఇక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు ఒప్పందం ప్రకారం భారత పౌరులైపోతారు. ఫ్రెంచి జాతీయతే కావాలనుకుంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను అందుకుంటున్న కుటుంబాలకు అది దేశభక్తితో పాటు బతుకుతెరువు ప్రశ్న కూడా. వారిలో ఫ్రెంచి జాతీయతను ఎంచుకున్నవారి వారసులు నేటికీ ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల్లో పుదుచ్చేరి నుంచే ఓటు వేస్తున్నారు.