తుఫాను దత్తాంశ కళ

తుఫానులు, హరికేన్లు వచ్చినప్పుడు వాతావరణ కేంద్రాలు నమోదు చేసిన అంకెలతోనే శిల్పాలు, సంగీతం, కదిలే చిత్రాలు రూపొందించే కళ. తుఫాను దృశ్యాన్ని ఊహించి బొమ్మ గీయడం వేరు, ఇది వేరు. ఇక్కడ రూపాన్ని నిర్ణయించేవి గాలి వేగం, పీడనం, ఉష్ణోగ్రతల లెక్కలే.

అంకెలను కంటికి కట్టించే ప్రయత్నం పాతదే. ఫ్రాన్సిస్ గాల్టన్ గీసిన వాతావరణ పటాన్ని లండన్ 'టైమ్స్' 1875 ఏప్రిల్ 1న అచ్చువేసింది. అయితే అది సమాచారం కోసం చేసిన పని. కళాకారులు ఇటు మళ్ళింది చాలా తర్వాత, కంప్యూటర్ల కాలంలోనే. అమెరికా కళాకారిణి ఆండ్రియా పోలీ ఒక వాతావరణ శాస్త్రవేత్తతో కలిసి 1979 నాటి మంచు తుఫాను, 1991 నాటి హరికేన్ బాబ్ లెక్కలను ధ్వనులుగా మార్చింది.

ఈ కళకు నిజమైన బలం తెచ్చింది నథాలీ మీబాక్. జర్మనీలో పుట్టి బోస్టన్‌లో స్థిరపడిన ఈమె ఖగోళ శాస్త్రం పాఠాలు వింటున్న రోజుల్లోనే బుట్టల అల్లిక నేర్చుకుంది. అంకెలను చేత్తో తాకి చూడాలన్న కోరికకు ఆ అల్లికే దారి చూపింది. పేము బద్దలను నిలువుగా, అడ్డంగా అల్లితే గళ్ళు ఏర్పడతాయి. నిలువు బద్దలను గంటలనుకుంటే, అడ్డంగా వెళ్ళే బద్ద ఉష్ణోగ్రత మారిన కొద్దీ వంపు తిరుగుతుంది. రంగు పూసలు, దారాలు, కర్ర ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో కొలత. అందం కోసం అంకెను మార్చదు, వంపు వికారంగా వచ్చినా అలాగే ఉంచుతుంది. ఈ నియమమే ఆమె పనిని అలంకరణ కానివ్వలేదు. 2007 నాటి హరికేన్ నోయెల్ లెక్కలను సంగీత స్వరాలుగానూ రాసింది, వాటిని వాద్యకారులు వాయించారు.

2012లో ఫెర్నాండా వియేగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్ 'విండ్ మ్యాప్' తెచ్చారు. అమెరికా మీద వీస్తున్న గాలిని సన్నని తెల్ల గీతలుగా కదిలించే పటం అది. ఆ అక్టోబరులో హరికేన్ శాండీ సుడి అందులో స్పష్టంగా కనిపించింది. అదే శాండీ న్యూజెర్సీ తీరంలోని స్టార్ జెట్ రోలర్ కోస్టర్‌ను సముద్రంలోకి కూల్చేసింది. మీబాక్ ఆ తుఫాను లెక్కలతో ఉత్సవ సవారీల రూపంలో శిల్పాలు అల్లింది. తుఫాను అంకెలను జనం పోగొట్టుకున్నవాటితో కలిపి చెప్పిన ఈ శిల్పాలే ఈ కళలో ఉత్తమమైనవి.