కానుపు గదిలో తోడు: తెలుగు మిషను వైద్యశాలల చరిత్ర నుండి ఒక పరిశీలన

ఒకటవ సమూయేలు నాలుగవ అధ్యాయాన్ని మనం దేవుని మందసము శత్రువుల పాలైన అధ్యాయంగానే ప్రసంగిస్తాము. దాని చివర ఒక కష్టమైన కానుపు కూడా ఉంది. మామ ఏలీ, భర్త ఫీనెహాసు చనిపోయారన్న వార్త వినగానే నిండు చూలాలైన కోడలికి నొప్పులు వచ్చాయి. దగ్గరనున్న స్త్రీలు, కొడుకు పుట్టాడు గనుక భయపడవద్దని ఆమెకు ధైర్యం చెప్పారు. ఆమె జవాబివ్వలేదు, ఆ మాటను పట్టించుకోనూ లేదు. ఆదికాండము 35లో రాహేలుకు మంత్రసాని చెప్పినదీ దాదాపు అదే మాట. రాహేలు చనిపోతూ బిడ్డకు పెట్టిన దుఃఖపు పేరును యాకోబు మార్చివేశాడు. తండ్రి మనస్సును మనం అర్థం చేసుకోగలము గాని, ఆ తల్లి చివరి మాట అక్కడితో ప్రక్కకు పోయింది.

చిలమత్తూరు దగ్గర ఒక పల్లెలో బాలింతను చూడబోయినప్పుడు నేనూ ఆ స్త్రీల మాటే అన్నాను. రెండు రాత్రుల నొప్పుల తరువాత ఆపరేషను చేసి బిడ్డను తీశారు. "బిడ్డ క్షేమం, నీవు క్షేమం, దేవునికి స్తోత్రమమ్మా" అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. "గాలి సోకిందేమో, ప్రార్థన చేయండయ్యా" అన్నది అత్తగారు. ప్రార్థన చేసి వచ్చేశాను. ఏమి జరిగిందమ్మా అని ఆమెను అడగలేదు.

గాయపడిన మనస్సుకు కలిగే ఈ స్థితిని అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో ఒక వ్యాధిగా గుర్తించింది. మొదట యుద్ధం నుండి వచ్చిన సైనికుల విషయమే చర్చలో ఉండేది. కానుపు గది నుండి వచ్చిన స్త్రీల వైపు పరిశోధకుల చూపు తరువాత మళ్ళింది. అనేక అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం సాధారణంగా బాలింతలలో నూటికి 4 మందికి, కానుపులో తీవ్రమైన చిక్కులు వచ్చిన వారివంటి వర్గాలలో నూటికి 18 మందికి పైగా ఈ స్థితి ఉంది. ఆ గది కలలోకి వస్తుంది. ఆసుపత్రి ఉన్న వీధి గుండా పోవడానికి కాళ్ళు రావు. మరో కానుపు మాటెత్తితే వణుకు పుడుతుంది. (బాలింత రోజుల తరబడి నిద్రపోక, లేని మాటలు వినబడుతున్నాయంటే అది వేరే జబ్బు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రార్థన దారిలో చేయవచ్చు.)

మన మెట్టసీమ ప్రజలకు ఉత్తరాన జమ్మలమడుగులోను, దక్షిణాన చిక్కబళ్ళాపురంలోను లండను మిషను వైద్యశాలలు వెలిశాయి. అయితే కానుపుల పరిచర్య వివరంగా వ్రాతకెక్కినది గుంటూరులో. లూథరన్ మిషను పంపిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చారు. వైద్యురాలై యుండి కూడా ఆమె మొదట బోధకురాలిగానే నియమించబడ్డారు. వైద్య మిషనెరీగా గుర్తింపు 1885లో గాని రాలేదు. 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు.

ఏలూరు రాజా భుజంగరావుగారి భార్య ఈ ఆసుపత్రిలో చికిత్స పొందారు. ఆ కృతజ్ఞతతో రాజావారు రోగుల బంధువుల కోసం ఆసుపత్రి ఎదుట ఒక సత్రం కట్టించారు. మిషను చరిత్రకారులు దీనిని సువార్త ప్రభావానికి నిదర్శనంగా చెబుతారు. నాకు మాత్రం ఆ సత్రమే ముఖ్యం. మందు మిషను ఇచ్చింది. రోగి మనుషులు దగ్గరలో ఉండాలన్న సంగతి సత్రం కట్టించినవారికి తెలుసు. మిషను వ్రాతలు ప్రాణం దక్కిన తల్లుల గూర్చి చెప్పినంతగా, ఆ రాత్రి తరువాత ఆ తల్లులు ఎలా బ్రతికారో చెప్పవు. ఇది లోపమే. వంద సంవత్సరాల తరువాత నేను చేసినదీ అదే గనుక వారిని ఎక్కువగా తప్పుపట్టలేను.

2005లో జననీ సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు, 108 వాహనం మన పల్లెలకు దారి పట్టాయి. ఇంటి కానుపు ఆసుపత్రి కానుపుగా మారడంతో ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఇందులో రెండవ మాట లేదు. అయితే ఇంట్లో నడుము పట్టుకొని కూర్చునే తల్లి, పిన్ని, మంత్రసాని ఆసుపత్రి తలుపు దగ్గర ఆగిపోయారు. ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవ సమయాన తోడుగా ఒక స్త్రీని ఉంచుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2016లో అనుమతించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, స్త్రీ తాను కోరుకున్న తోడును ఉంచుకొనుటను సిఫారసు చేసింది. 15,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన పరీక్షలను కలిపి చూచినప్పుడు, విడువక తోడున్నచోట ఆపరేషన్లు తగ్గాయి, కానుపును చేదు జ్ఞాపకంగా చెప్పినవారూ తగ్గారు.

తరువాత ఒక్కసారి కూర్చుండబెట్టి మాట్లాడిస్తే చాలదా అని విద్యార్థులు అడుగుతారు. మెల్‌బోర్న్‌లో ఆపరేషను, పట్టకారు కానుపులైన వెయ్యిమందికి పైగా తల్లులపై దీనిని పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించారు. ఇంటికి పంపకముందు మంత్రసాని ఒకసారి అన్నీ మాట్లాడించింది. ఆరు నెలలకు చూస్తే మేలు కనబడలేదు. కొందరికి కీడే జరిగి యుండవచ్చునని పరిశోధకులు హెచ్చరించారు. కాబట్టి పరామర్శకు పోయి గాయాన్ని కెలకమని నేననడం లేదు. ఆమె చెప్పదలచినప్పుడు వినడానికి మళ్ళీ మళ్ళీ పోవాలి. కానుపుకు ముందే, లోపలికి ఎవరు వస్తారో ఆసుపత్రివారిని అడిగి పెట్టుకొమ్మని కుటుంబానికి చెప్పాలి. పెండ్లి ప్రకటనలు మూడు వారాలు చదివే సంఘానికి ఇది పెద్ద పని కాదు.

ఆ పల్లెకు మళ్ళీ పోయేసరికి బిడ్డ బోర్లపడుతున్నాడు. మా పాస్టరమ్మ ఆమె ప్రక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉండిపోయింది. నేను బయట అరుగు మీద ఉన్నాను. చాలాసేపటికి లోపలినుండి ఆమె గొంతు వినబడింది: "మా అమ్మ తలుపు అవతలే ఉన్నెక్కా. నేను అరిస్తే ఆమెకు వినబడతా ఉన్నెంట. లోపలికి మాత్రం రానీలేదు."