ధర్మాసుపత్రి ఎవరి ధర్మం?



"ధర్మాసుపత్రి" అన్న మాట మీరంతా వినే ఉంటారు. మన పెద్దవాళ్ళు సర్కారు ఆసుపత్రిని అలాగే పిలిచేవారు. పైసా పుచ్చుకోకుండా మందిస్తారు గనుక అది ధర్మం అనుకున్నారు. అయితే ధర్మం అన్నప్పుడు ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. అందుకే కాస్త కలిగినవాళ్ళు ఆ గుమ్మం తొక్కడం నామోషీగా భావించారు. లేనివాళ్ళేమో కాంపౌండరు కసిరినా, మందులు లేవు పొమ్మన్నా నోరెత్తలేదు. ఇవాళ నేను మీతో చెప్పదలచింది ఒక్కటే. అది ధర్మం కాదు. నూట యాభై ఏళ్ళుగా ఆ మందుసీసా ఖర్చు మనమే పెట్టుకుంటున్నాం. ఎలాగంటారా? నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాన్ని ఎదురుగా పెట్టుకొని చూద్దాం.

నంద్యాల రైలుస్టేషనున్న ఊరు, బియ్యం వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం కూడా. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆళ్ళగడ్డ, అహోబిలం వెళ్ళే దారిలో ఉంది. ఉలి పట్టిన శిల్పులకు ప్రసిద్ధి. తూర్పున నల్లమల అడవి, అందులో చెంచుగూడేలు. ఈ ప్రాంతంలో చలిజ్వరం పాత చుట్టం. ఇప్పుడు ఆలోచించండి. ఫ్యాక్టరీ కార్మికుడికి 1948 చట్టం ప్రకారం ఈ.ఎస్.ఐ. ఉంది. గవర్నమెంటు ఉద్యోగికి జబ్బు చేస్తే ఖర్చు తిరిగి వస్తుంది. రాతిపొడి పీలుస్తూ విగ్రహం చెక్కే శిల్పికి ఏముంది? వరినాట్లు వేసే కూలి మనిషికి ఏముంది? నాలుగు రోజులు జ్వరం వస్తే నాలుగు రోజుల కూలి పోయె, పైగా మందుల ఖర్చు. అటువంటివాళ్ళకు సర్కారు ఆసుపత్రే దిక్కు.

ఆ ఆసుపత్రికి డబ్బు మొదట ఎక్కడినుంచి వచ్చింది? కర్నూలు సీమ అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉండేది. 1871లో మద్రాసు ప్రభుత్వం లోకల్ ఫండు చట్టం చేసింది. భూమి మీద వచ్చే విలువలో రూపాయికి అణా మించకుండా సెస్సు వసూలు చేసి, రోడ్లకు, బడులకు, ఆసుపత్రులకు ఖర్చు పెట్టాలన్నారు. 1884లో మరో చట్టం వచ్చి జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. "లోకల్ ఫండు డిస్పెన్సరీ" అని పాత బోర్డుల మీద కనిపించే పేరుకు అర్థం ఇదే. దొరల దయ కాదది, దున్నేవాడి అణా! జనం మాత్రం ఇంటినుంచి ఖాళీ సీసా పట్టుకెళ్ళి, రంగునీళ్ళలాంటి మిక్స్చరు పోయించుకొని, దొరగారికి దణ్ణం పెట్టి వచ్చేవారు.

ఆ అణాలోనూ సమానత్వం లేదు. నంద్యాల 1899లో మునిసిపాలిటీ అయింది. ఊళ్ళో ఇంటిపన్ను ఉంది, అడిగే పెద్దమనుషులు ఉన్నారు. ఆళ్ళగడ్డ వైపు పల్లెలు తాలూకా బోర్డు మీద ఆధారపడాల్సిందే. వానలు పడని ఏడాది శిస్తుతో పాటు సెస్సూ తగ్గుతుంది. జబ్బులు మాత్రం సరిగ్గా కరువు ఏడాదే పెరుగుతాయి! డబ్బు అవసరమైనప్పుడే డబ్బు లేకపోవడం అన్న ఈ చిక్కు ఆనాటినుంచి ఈనాటిదాకా మనల్ని వదల్లేదు.

పల్లెకు డాక్టరు రావాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు 1924లో మన తెలుగువాడే ఒక జవాబు చెప్పారు. అప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి పానగల్ రాజాగారు. పల్లెలో కాపురం పెట్టే వైద్యుడికి ప్రభుత్వం ఏడాదికి కొంత సొమ్ము, కొన్ని మందులు ఇస్తుంది. అతను పేదలకు ఉచితంగా వైద్యం చేయాలి, కలిగినవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇంటిముందు ఇద్దరు రోగులుంటే, ఫీజిచ్చే మనిషిని ముందు పిలుస్తాడా, ఇవ్వలేని మనిషిని ముందు పిలుస్తాడా? ఎవరు పేదో ఎవరు కాదో తేల్చేది ఎవరు?

1943లో నియమించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చినప్పుడు ఈ తిరకాసును తెగ్గొట్టింది. డబ్బు ఇచ్చుకోలేకపోవడం వల్ల ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని మొదటి సూత్రం. నలభై వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు, నలుగురు మిడ్‌వైఫులు, శిక్షణ పొందిన నలుగురు మంత్రసానులు ఉండాలని లెక్క వేసింది. మంత్రసానిని తక్కువచేసి తరిమెయ్యకుండా లెక్కలో చేర్చారు, గమనించారా? ఆ కమిటీలో మద్రాసు ప్రసూతి వైద్యులు డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియారుగారు సభ్యులు.

స్వరాజ్యం వచ్చాక 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైంది. బ్లాకుకు ఒక ఆరోగ్య కేంద్రం అన్నారు. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చాయి. చాలా ఊళ్ళల్లో స్థలం ఊరివాళ్ళే ఇచ్చారు, దాతలు గదులు కట్టించారు, గోడమీద పాలరాతి పలకలు పెట్టించారు. అంతవరకు బాగుంది. ఇక్కడ ఇల్లు నడిపే మీకు ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. ఇల్లు కట్టడం ఒకసారి ఖర్చు, సంసారం నెలనెలా ఖర్చు. కట్టిన గదికి దాత పేరుంటుంది గానీ, ప్రతి నెలా కొనే దూదికీ, సూదిమందుకీ, నర్సమ్మ జీతానికీ ఏ పాలరాతి పలకా ఉండదు. 1959లో ఆ మొదలియారుగారి అధ్యక్షతనే మరో కమిటీ వేశారు. ఉన్న కేంద్రాల్లో మనుషులూ మందులూ చాలడం లేదనీ, కొత్తవి తెరిచేముందు ఉన్నవాటిని బలపరచాలనీ అది చెప్పింది.

ఆ తర్వాత డబ్బు వచ్చింది, కాదనలేం. అయితే అది ఏ దారిన వచ్చిందో చూడండి. 1960లలో, 70లలో కేంద్ర ప్రభుత్వం ధారాళంగా ఇచ్చింది కుటుంబ నియంత్రణకు. పల్లెలకు వచ్చిన నర్సమ్మల జీతాలు చాలావరకు ఆ పద్దులోనివే. డబ్బు దేనికిస్తే పని దానికే జరుగుతుంది. నర్సమ్మకు కు.ని. ఆపరేషన్ల కోటా ఇంత అని పెట్టారు గానీ, జ్వరాల కోటా ఎవరూ పెట్టలేదు. 1975-77 ఎమర్జెన్సీ రోజుల్లో ఆ కోటాల జోరుకు జనం ఆరోగ్య కేంద్రాన్ని చూసి భయపడ్డారు. కాన్పుకు పిలవాల్సిన మనిషిని చూసి తలుపు వేసుకున్నారంటే, ఆడవాళ్ళకు ఎంత నష్టం జరిగిందో మీరే ఊహించుకోండి.

ఇదేదో మన పేదదేశం కర్మ అనుకునేరు. సంపన్నదేశమైన అమెరికాలోనూ బీమా లేనివాళ్ళు కోట్లమంది. 1965లో డాక్టర్ జాక్ గైగర్, ఆయన మిత్రులు బాస్టన్ నగరంలోని పేదపేటకూ, మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతివారి ఊరు మౌండ్ బయూకూ ఆరోగ్య కేంద్రాలు కావాలని ప్రభుత్వ నిధులు సంపాదించారు. మౌండ్ బయూలో పిల్లల జబ్బు ఆకలే అని గ్రహించి, మందుచీటీ మీద పాలు, కూరగాయలు రాశారట. ఇవాళ అటువంటి కేంద్రాలు ఆ దేశమంతా ఉన్నాయి. రాబడిని బట్టి ఫీజు తగ్గుతుంది. నడిపే బోర్డులో సగానికి పైగా అక్కడ వైద్యం చేయించుకునే రోగులే ఉండాలని చట్టం. అంత పకడ్బందీగా ఉన్నా, ఇచ్చే నిధుల్లో పెద్దభాగానికి గడువుంటుంది. గడువు తీరినప్పుడల్లా మళ్ళీ మంజూరు అవుతుందో లేదో అని గుండె పట్టుకొని కూర్చోవాల్సిందే.

మళ్ళీ మన ఊరికి వద్దాం. 1980లలో ముప్ఫైవేల మందికి ఒక కేంద్రం, అయిదువేల మందికి ఒక ఉపకేంద్రం అన్న లెక్క వచ్చింది. అడవి, కొండ ప్రాంతాలకు అది ఇరవై వేలు, మూడు వేలు. చెంచుగూడేలకు ఈ తేడా చాలా ముఖ్యం. 1986లో వైద్య విధాన పరిషత్తు చట్టం చేసి, పెద్ద ఆసుపత్రులను దానికి అప్పగించారు. కర్నూలులో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నందువల్ల నంద్యాల ఆసుపత్రే జిల్లా ఆసుపత్రిగా నడిచింది. 2023లో నంద్యాలకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పెట్టారు. ఆశా కార్యకర్తలు వచ్చారు. ఉపకేంద్రానికి ఏడాదికి పదివేలు, ప్రాథమిక కేంద్రానికి పాతికవేలు, స్థానికంగా అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకొమ్మని ఇవ్వడం మొదలుపెట్టారు. చిన్న మొత్తమే. కానీ విరిగిన కుళాయికోసం జిల్లాకు కాగితం పెట్టి ఎదురుచూడక్కర్లేదు. మరో రెండేళ్ళకు, 2007లో, ఆరోగ్యశ్రీ వచ్చింది. తెల్లకార్డున్న ఇంట్లో గుండె ఆపరేషను కావాలంటే పొలం అమ్మక్కర్లేకపోయింది. అది చిన్న సంగతి కాదు. అయినా ఒకటి అడగాలి. ఆ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తుంది. బీపీ మాత్ర నెలనెలా ఇవ్వదు, గర్భిణికి రక్తం పడుతున్నదో లేదో చూడదు. బీపీని పదేళ్ళు పట్టించుకోకుండా వదిలేసి, గుండె దెబ్బతిన్నాక లక్షలు పెట్టడం ఏ ఇల్లాలూ చేసే పొదుపు కాదు. ఈ పెద్ద ఖర్చు ఎదురుగా ఉన్నప్పుడు చిన్న కేంద్రం పద్దు చిక్కిపోవడం సులువు.

ప్రభుత్వం 2017లో, జాతీయాదాయంలో నూటికి రెండున్నర వంతులు 2025కల్లా వైద్యానికి ఖర్చు పెడతామని విధానం ప్రకటించింది. 2021-22 లెక్కల్లో అది 1.84. దేశంలో వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో ఆ ఏడాది 39 రూపాయల పైచిలుకు జనం జేబులోంచే పోయింది. 2013-14లో అది 64 రూపాయలు. అంటే ప్రభుత్వం చెయ్యివేస్తే భారం తగ్గుతుందన్నమాట. పదిహేనవ ఆర్థిక సంఘం 2021 నుంచి అయిదేళ్ళకు 70,051 కోట్లు ఆరోగ్యం కోసం స్థానిక సంస్థల ద్వారా ఇవ్వమన్నది. చూశారా, 1871 నాటి లోకల్ ఫండు మరో వేషంలో మన గుమ్మంలోకి వచ్చింది!

పట్నంలో ఉన్న మనకు ఇదంతా ఎందుకు అంటారేమో. 2013లో పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చిన తర్వాత మీ పేటలోనూ ఒక కేంద్రం ఉండే ఉంటుంది. మీ ఇంటికి పనికి వచ్చే ఆమె జ్వరం వస్తే అక్కడికి వెళ్తున్నదా, లేక అప్పు చేసి ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్తున్నదా? ఒక్కసారి కనుక్కోండి. ఒకసారి ఆమెతో కలిసి మీరూ వెళ్ళండి. మీ బీపీ అక్కడే చూపించుకోండి. మందులు లేవంటే ఎందుకు లేవని అడగండి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఎప్పుడు సమావేశమైంది, ఈ ఏడాది సొమ్ము దేనికి ఖర్చయింది అని అడగండి. అడగ్గలిగిన వాళ్ళంతా పక్కకు తప్పుకుంటే, అడగలేనివాళ్ళు మాత్రమే మిగిలిన చోటికి డబ్బు ఎందుకు వస్తుంది చెప్పండి?

ఆమె కొనే సబ్బుబిళ్ళ మీద పన్నుంది. వాళ్ళ అవ్వ కొన్న ఉప్పు మీదా పన్ను ఉండేది. ఆ కేంద్రంలో ఇచ్చే మాత్ర ఆమె ముందే వెల కట్టి కొనుక్కున్నది. కనుక అక్కడ చేయి చాచాల్సిన పనిలేదు. తనది తాను తీసుకుంటున్నానని తలెత్తుకొని అడగాలి. ఆ మాట ఆమెకు మీరు చెప్పండి. మీ పిల్లలకు కూడా చెప్పండి.

సెలవు.