సంఘ సభ్యత్వము: రిజిస్టరులో పేరు మాత్రమేనా?



"అయ్యగారూ, మా పేరు రిజిస్టరులో ఉన్నదా?" అను ప్రశ్న మేము తరచుగా వినుచుందుము. పెండ్లి కుదిరినప్పుడో, సమాధుల తోటలో స్థలము కావలసినప్పుడో ఈ ప్రశ్న వచ్చును. శతవత్సరోత్సవ సమయమున, సంఘమునకు చెందియుండుట యననేమో మన చరిత్రనే అడిగి తెలిసికొందము.

మన పాస్టరేటు వంటి దానిని ఇంగ్లీషులో పారిష్ అందురు. ఆ మాటకు మూలము 'పరోయికియ' అను గ్రీకు పదము. పరుల ప్రక్కన పరవాసిగా కాపురముండుట అని దాని భావము. పేతురు తన మొదటి పత్రికలో విశ్వాసులను పరదేశులని పిలిచినది ఈ భావముతోనే.

తెలుగు సంఘ చరిత్రలో ఈ మాట అక్షరాలా నిజమైనది. 1909లో గురువుగా అభిషేకము పొంది దోర్నకల్ వచ్చిన వి.యస్. అజరయ్యగారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. వారు తెలుగు నేర్చుకొని మన మధ్య కాపురముండిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున ప్రథమ భారతీయ బిషప్పు అయిరి. వారి కాలమున సంఘములో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. ఊరు వెలుపల నుంచిన ఆ ప్రజలకు 'ఇది మా సంఘము' అని చెప్పుకొను చోటు దొరికినది.

అయితే అది హక్కు మాత్రమే కాదు, పని కూడ. బాప్తిస్మము పొందువారు తమ తలపై చేయి యుంచుకొని, సువార్త చెప్పనియెడల తమకు శ్రమయని ఒప్పుకొనునట్లు అజరయ్యగారు నేర్పిరి. బీద తల్లులు ఎసట బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు దేవునికని వేరుగా తీసిరి. చదువురానివారు సైతము సాక్షులైరి, చేతిలో కాసు లేనివారు సైతము దాతలైరి.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు వేర్వేరు మిషనుల సంఘములు ఏకమైనవి. మన హృదయములు ఏకమైనవా? ఒకే పాత్రలో పాలుపొంది, గుడి గడప దాటగానే, సంఘ ఎన్నికలు రాగానే, ఎవరు ఏ పల్లెవారని లెక్కించుచున్నాము. వెలివేయబడినవారి బిడ్డలమైన మనమే మరల గోడలు కట్టుట తగునా? ఈ తప్పులో బోధకులమైన మాకును పాలున్నది.

ప్రియులారా, రిజిస్టరులోని పేరు మన పితరులు మనకిచ్చిన ఆస్తి. ప్రక్కవానిని మనవాడనుకొనుట ఎవరికి వారు చేయవలసిన పని. ఈ పనికి ప్రభువు మనలను బలపరచును గాక! ఆమేన్.